పూజాంగీకి మూడు మువ్వలు

ఏలూరు పవర్‌పేటలో నాది మగ్గం వర్క్ షాపు. పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, ఏనుగులు, పల్లకీలు కుడతాం. ఈ మధ్య పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు బొమ్మల్ని కూడా వీపు మీద కుట్టించుకుంటున్నారు. ఏది చెప్పినా కుడతాను గాని, ఎల్లుండికి ఇమ్మంటే మాత్రం అరుస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. అలాంటి నాకు మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నా గురుపట్టాభిషేకం ఖాయమైంది, ఫాదర్నవుతున్నా. మన ఊళ్ళో మొదటి పూజకి వేసుకునే బట్టలు నువ్వే కుట్టాలి" అన్నాడు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఎప్పటికిరా?" అని అడిగాను. మే నెలకి, అంటే నెల కూడా లేదన్నాడు. అప్పుడు అరిచాను.

బట్టలంటే ఒకటా రెండా! ఆర్సీఎం కేథలిక్ గుళ్ళో ముందు బెంచీ మీద కూర్చుని పెరిగినదాన్నే అయినా, ఫాదర్ గారు లోపల ఎన్ని పొరలు వేసుకుంటారో నేనెప్పుడూ ఆలోచించలేదు. తమ్ముడు వీడియో కాల్‌లో ఒక్కోటీ చూపించి పాఠం చెప్పాడు. మెడ చుట్టూ కప్పుకునే గుడ్డ సైనికుడి శిరస్త్రాణంలాంటిదట. తెల్లటి నిలువుటంగీ మనసు శుభ్రతకట, నడుముకి కట్టే తాడు నిగ్రహానికట. మెడలోంచి వేలాడే స్టోల్ గురువు అధికారం. అన్నిటి మీదా వేసుకునే రంగుల పూజాంగీని చాజుబుల్ అంటారు. అది క్రీస్తు కాడి, అందర్నీ కప్పే ప్రేమ. ఒక్కోటి తొడుక్కునేటప్పుడు ఒక్కో ప్రార్థన ఉందట.

"ఒరేయ్, మే నెలలో కొల్లేటి ఉక్కలో ఇన్ని పొరలా? ప్రేమ సంగతి తర్వాత చూద్దాం, ముందు లైనింగ్ కాటన్ వేస్తాను" అన్నాను.

"చాజుబుల్ అంటే లాటిన్‌లో చిన్న ఇల్లు అని అర్థం అక్కా" అన్నాడు వాడు, ఎంతో భక్తిగా.

"ఆ మాట మాత్రం ప్రసంగంలో చెప్పకురా నాయనా" అని నేను నవ్వుతుంటే, వాడికి కోపమొచ్చి కాసేపు కెమెరా ఆపేశాడు.

మళ్ళీ కనపడ్డాక అడిగాను, అసలు ఇవన్నీ ఎందుకూ, వాడి ప్యాంటూ షర్టూ శుభ్రంగానే ఉన్నాయి గదా అని. "నేను కనపడకుండా ఉండడానికి. పూజలో జనం చూడాల్సింది మనింటి కుర్రాణ్ణి కాదు గదా" అన్నాడు. కనపడకుండా ఉండడానికి జరీ ఎందుకని అడిగితే, దానికి సెమినరీలో జవాబు నేర్పలేదన్నాడు.

ఇంతవరకు సాఫీగానే నడిచింది. గొడవంతా మామ్మతో మొదలైంది.

మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. ఆకివీడు దాటి కొల్లేటి వైపు వెళ్తే, చేపల చెరువు గట్టు మీద ఆమె ఇల్లు. అమ్మా నాన్నా చెరువుల పనికి పోతుంటే మమ్మల్నిద్దర్నీ పెంచింది ఆమే. తాడేపల్లిగూడెం దగ్గర లూథరన్ల ఇంట్లో పుట్టి మా ఆర్సీఎం ఇంటికి కోడలిగా వచ్చింది. గుడి మారింది గాని అలవాటు మారలేదు. బైబిల్లో పాత నిబంధనని పొలం దస్తావేజులా అక్షరం వదలకుండా చదివేది. ఇప్పుడు చూపు తగ్గాక ఫోన్లో పెట్టించుకుని వింటుంది.

ఆదివారం నేను వెళ్ళి బట్టల సంగతి చెప్పగానే, "అంచుకి మువ్వలు కుట్టు" అంది.

"ఫాదర్లకి మువ్వలుండవు మామ్మా."

"యూదుల ప్రధాన యాజకుడికి ఉన్నాయి గదే. దేవుడే దగ్గరుండి చెప్పి కుట్టించాడు. నీలం రంగు నిలువుటంగీ, దాని అంచుకి ఒక బంగారు గంట, ఒక దానిమ్మపండు, మళ్ళీ గంట, మళ్ళీ దానిమ్మపండు. రొమ్ము మీద పన్నెండు రాళ్ళ పతకం, ఒక్కో రాయి మీద ఒక్కో గోత్రం పేరు."

నిజం చెప్పొద్దూ, నాకు అసూయ పుట్టింది. రంగు, దారం, రాళ్ళు, అంచు డిజైను అన్నీ ముందే ఖాయం చేసుకుని, మధ్యలో మనసు మార్చుకోని కస్టమర్ నాకు ఇంతవరకు తగల్లేదు.

తమ్ముణ్ణి స్పీకర్‌లోకి పిలిచాం. "అది యెరూషలేములో దేవాలయం ఉన్నప్పటి మాట మామ్మా" అన్నాడు వాడు నెమ్మదిగా. "ఆ దేవాలయం కూలిపోయింది. ఇప్పుడు యూదుల్లో ఎవరూ ఆ బట్టలు వేసుకోరు. లేఖనాలు రాసిన తోలు చుట్టకే అంగీ తొడుగుతారు, ముందు పతకం వేలాడదీస్తారు, దాన్ని చుట్టిన కర్రల చివర వెండి మువ్వలు పెడతారు."

"అంటే వాళ్ళు మువ్వలు మానలేదన్నమాట" అంది మామ్మ.

వాడు దారి మార్చాడు. పూజాంగీ అంటే అలంకారం కాదనీ, కాడి అనీ చెప్పాడు. కాడి మోసే ఎద్దుకి కూడా మెడలో గంటలుంటాయంది మామ్మ. వాడి తల ప్రాణం తోకకొచ్చింది.

"మామ్మా, పూజలో గంట మోగిందంటే జనం మోకరిస్తారు. నేను కదిలినప్పుడల్లా గుడంతా మోకాళ్ళ మీద పడితే ఎలాగ?"

"పడనీ. గుళ్ళో మోకరించడానికి గాపోతే ఎందుకొస్తారు?" అని, అంతటితో ఆగకుండా, "మువ్వల్లేకపోతే నేను రాను. ఇంట్లోనే కూర్చుంటా" అంది. తను పెంచిన మనవడి మొదటి పూజకి మామ్మ రాకపోతే ఇంక ఆ పూజకి అందమేముంది! నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టిన పట్టు విడవడమన్నది ఆమె ఒంట్లోనే లేదు.

అదే సమయానికి మా ఊరి ఉపదేశి గారు వచ్చారు. ఫాదర్ లేని రోజుల్లో గుడి బాగోగులు చూసేది ఆయనే. వాకిట్లోనే నిలబడి, "మామ్మగారూ, ఇక మీదట మనవడని చూడకూడదండీ. ఫాదర్ గారూ, మీరూ అనాలండీ. నలుగురిలో ఒరేయ్ గిరేయ్ అంటే బాగోదండీ" అని చెప్పారు.

"ఆయ్, అలాగేలెండి" అంది మామ్మ, చాలా మర్యాదగా. ఆ మర్యాద చూస్తే నాకే భయమేసింది.

పని సగం అయ్యాక, చూపించి బతిమాలదామని మళ్ళీ ఆకివీడు బస్సెక్కాను. తెల్లటి పట్టు, మధ్యలో బంగారు జరీతో ద్రాక్షగుత్తులు, నా చేతి పని. మంచం మీద మామ్మ పక్కన కూర్చుని సంచిలోంచి తీసి, ఆమె మొహం వంకే చూస్తూ విప్పి పట్టుకున్నాను. "చూడు మామ్మా, ఎలా ఉంది?"

మామ్మ తల వంచి పరకాయించి, "ఎంత తెల్లగా ఉందే! మల్లెపువ్వులాగుంది" అంది.

నేను నా చేతుల్లోకి చూసుకున్నాను. అది దెందులూరు కస్టమర్ ఒకామె ఇచ్చిన జాకెట్టు ముక్క. ముదురు వంకాయ రంగు. హడావిడిలో సంచి మార్చి పట్టుకొచ్చేశాను.

కళ్ళలో నీటికాసులని డాక్టరు చెప్పాడు, చుక్కలు వేసుకుంటోంది, కాస్త మసకగా కనపడుతోందని ఆమె చెప్పేది, మేం నమ్మాం. ఇంట్లో గోడ తాకకుండా నడుస్తుంది, చేపలు తనే కడుగుతుంది, నమ్మకేం చేస్తాం?

"మామ్మా, ఇది వంకాయ రంగు."

మామ్మ నా చేతిలోని గుడ్డని తడిమి, "ఎవరిదోగాని మెత్తగా ఉంది. పోగొట్టకు" అంది. "మీకు చెప్తే ఏలూరు తీసుకుపోయి కుర్చీలో కూలేస్తారు. ఇక్కడైతే ఏ గట్టు ఎక్కడుందో నాకు తెలుసు."

నాకు ఏడుపాగలేదు. ఏడవద్దని కసిరి, మామ్మ మంచం కింద రేకు పెట్టె లాగి, అడుగున చెయ్యి పెట్టి ఒక చిన్న మూట తీసింది. అందులో నల్లటి మొలతాడు, దానికి నల్లబడ్డ వెండి మువ్వలు మూడు మిగిలాయి.

"ఇది మీ తమ్ముడిది. నువ్వు ఊరికే ఏడ్చేదానివి, ఎక్కడున్నా వినపడేదానివి. వాడు పిల్లిలా పోయేవాడు. నాలుగు పక్కలా నీళ్ళాయె. అందుకని వాడికి ఇది కట్టా. మువ్వలు మోగుతుంటే నా పని నేను చేసుకునేదాన్ని. మోత ఆగితే గుండె ఆగేది, ఒరేయ్ చిన్నోడా అని కేకేసేదాన్ని. వాడు ఉన్నచోటే నిలబడి నడుం ఊపేవాడు."

ఆ మాట నాకు గుర్తుంది, వాడు నడుం ఊపడం కూడా గుర్తుంది. మా చుట్టుపక్కల గట్ల మీద నడక నేర్చిన పిల్లలందరికీ మువ్వలుండేవి.

"ఆ యాజకుడికీ అంతేనే" అంది మామ్మ. "లోపలికి పోయేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ చప్పుడు వినపడాలన్నాడు దేవుడు, వాడు చావకుండా. దేవుడికి వినపడాలని అంటారు మీ ఫాదర్లు. దేవుడికేం చెవుడా? బయట వాడి మామ్మ కూర్చుని ఉంటుంది."

ఏలూరు బస్సులో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "మూడేనా మిగిలాయి?" అని అడిగాడు. అవునన్నాను. "వెనక అంచుకి కుట్టు. జనం మోకరిస్తే మాత్రం పూచీ నీదే" అన్నాడు.

మువ్వల్ని కుంకుడు రసంలో నానేసి తోమాను. పెళ్ళి జాకెట్లకి వందల మువ్వలు కుట్టిన చేయి నాది. ఆ మూడింటికీ పడ్డన్ని తిప్పలు ఎప్పుడూ పడలేదు. కుట్టినవి విప్పి, దారం జంట చేసి మళ్ళీ కుట్టాను.

మొదటి పూజ రోజున ఊరంతా గుళ్ళోనే ఉంది. ముందు వరుస పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి మామ్మని కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. వాడు గుమ్మంలోంచి నడిచొస్తుంటే అందరూ మెడలు సాచి చూశారు. మామ్మ మాత్రం కాస్త తల వంచి వింది. మువ్వలు గుడి మధ్య దారెంట వచ్చి, మా పక్కనుంచి పోయి, మెట్లెక్కాయి. ఆమె మొహం వాటితోపాటే తిరిగింది.

వాడు అన్నంతా అయింది. వాడు పీఠం చుట్టూ తిరిగి ధూపం వేస్తుంటే మువ్వలు గలగలమన్నాయి, ముందు వరుస ముసలాళ్ళు దబాలున మోకరించారు. వాళ్ళని చూసి వెనక వరుస, దాన్ని చూసి ఆ వెనక వరుస. ఉపదేశి గారు చేతులూపి లేవండి లేవండి అంటుంటే, సగం మంది లేచారు, సగం మంది ఇంకా దిగుతున్నారు. తమ్ముడు నా వంక చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

సత్ప్రసాదం పంచాక ఫాదర్లందరూ కూర్చుని మౌనంగా ప్రార్థన చేసుకుంటారు. పాటలాగాయి. జనం కళ్ళు మూసుకున్నారు. ఫాన్ల మోత తప్ప గుళ్ళో ఇంకే చప్పుడూ లేదు. మామ్మ చెయ్యి నా మోకాలి మీద బిగుసుకోవడం తెలిసింది. నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేలోపే కేకేసింది.

"ఒరేయ్ చిన్నోడా!"

గుడంతా కళ్ళు తెరిచింది. ఉపదేశి గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. పీఠం పక్కన కూర్చున్న మా తమ్ముడు కళ్ళు తెరవలేదు. వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, పూజాంగీ అంచు అందుకుని, రెండుసార్లు ఊపాడు.

"ఆఁ, ఉన్నాడు" అని నాతో చెప్పి, మామ్మ కుర్చీలో వెనక్కి వాలింది.