ఆనందరావు బూర పెట్టెలు

ఆనందరావు ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు యూనివర్సిటీ క్యాంపస్‌లో తక్కువ. ముప్పై రెండేళ్లుగా ఫిజిక్స్ విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్. ప్రొఫెసర్లు మారారు, బల్లలు మారాయి, ఆయన మాత్రం చెవి వెనక పెన్సిలుతో, చేతిలో స్క్రూడ్రైవరుతో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉన్నాడు. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. కాలుగాలిన పిల్లి అని భార్య కరుణమ్మ ఎప్పుడో పెట్టిన పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది. పాడైన వస్తువు కంటపడితే ఆగలేడు. ల్యాబులో మూలపడ్డ మీటర్ల దగ్గర్నుంచి తార్నాకలో వాళ్ల వీధివాళ్ల మిక్సీల దాకా అన్నీ ఆయన చేతిమీదుగా బతికినవే. తన ఇంటి హాల్లో ఫ్యాను మాత్రం ఆరేళ్లుగా కీచుమంటూనే ఉంది. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

ఆ ఫ్యాను గోల భరించలేకపోతున్నానని కరుణమ్మ రోజూ పోరేది. రెండేళ్లుగా పోరడం మానేసింది. ఫ్యాను బాగుపడి కాదు. ఆమెకు ఆ కీచు వినపడటం లేదు.

ఆమె మెట్టుగూడలో ఒక బళ్లో ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన టీచరు. ఎవరైనా మాట్లాడుతున్నారని ఇప్పటికీ తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఇంట్లో ఎదురుగా నిలబడి నిదానంగా చెబితే పట్టుకుంటుంది. నిదానం ఆనందరావు ఇంటావంటా లేదు కాబట్టి అదీ అంతంతమాత్రమే. డాక్టరు రాసిచ్చిన చెవి మిషను పెట్టుకుని చర్చికి వెళితే ఫ్యాన్ల రొద, దగ్గులు, పిల్లల ఏడుపులు అన్నీ కలిసి లోపల సంత పెట్టాయట. దాన్ని తీసి బీరువాలో చీరల కింద పెట్టేసింది.

వాళ్ల చర్చి అడిక్‌మెట్ సందులో రేకుల కప్పు వేసిన చిన్న హాలు. మగవాళ్లు కుడివైపు కుర్చీల్లో, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద. ముందు రెండు పాత స్పీకర్లు ఉండేవి. వాల్యూం తగ్గిస్తే గొణుగుతాయి, పెంచితే కూస్తాయి. వినికిడి తగ్గిన కొద్దీ కరుణమ్మ ఒక్కో వరసే ముందుకు జరుగుతూ చివరికి మొదటి చాప మీదికి, స్పీకరు ముందుకు చేరింది. పాస్టరు దానియేలు బైబిల్లో ఫలానా అధ్యాయం తియ్యమనగానే అందరూ పేజీలు తిప్పుతారు. ఆమె మాత్రం పక్కావిడ ఒళ్లోకి తొంగిచూసి, ఆవిడ ఎక్కడ ఆపితే అక్కడికి తిప్పుకుంటుంది. పిల్లలు పక్క పలకలోకి తొంగిచూస్తే చెవి మెలిపెట్టిన మనిషి. కుడివైపు కుర్చీలోంచి అది చూసినప్పుడల్లా ఆనందరావు చూపు తిప్పుకునేవాడు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన ఆదివారం, చర్చి నుంచి ఇంటికి వచ్చాక, ఆమె చెప్పుల బక్కిల్ విప్పుకుంటూ మామూలుగా చెప్పింది.

"ఈస్టరు దాకా వస్తానండీ. ఆ తర్వాత ఇంట్లోనే చదువుకుంటాను. మాట వినపడని చోట బొమ్మలాగా కూర్చోడం నా వల్ల కాదు."

ఆయన సాయంత్రం దాకా మేడ మీద అటూ ఇటూ తిరిగాడు. ఆమెకు బడి పోయింది, ఫోన్లు పోయాయి, చుట్టాల కబుర్లు పోయాయి. మిగిలింది ఆదివారం ఒక్కటే. అదీ పోతే ఆమె నాలుగు గోడల మధ్య మిగిలిపోతుందని ఆయనకు భయం వేసింది. చేతిలో నలభై రోజులు ఉన్నాయి.

తిరిగి తిరిగి ఉండగా వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. రేపల్లె దగ్గర పల్లెలో ఆయన ఒక రేకు బూర పట్టుకుని, ఇవాళ ప్రార్థన కూటం ఉందని చేలగట్ల మీద కేక వేసేవాడు. కరెంటు లేదు, మైకు లేదు, అయినా అవతలి చేలో నాట్లు వేసేవాళ్లు ఒక్కొక్క మాటా విని తలెత్తేవారు. మామూలు స్పీకరు పెట్టె గొంతును నాలుగు వైపులా పారబోస్తుంది. బూర ఉన్న పెట్టె ఎటు చూపిస్తే అటు పంపుతుంది. ఆమె ఇబ్బంది చప్పుడు తక్కువై కాదు, మాట స్పష్టత లేక. బూర పెట్టెలే చెయ్యాలని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లుగా లేదు. ఫ్రిజ్జు అట్టపెట్టెలు తెచ్చి హాల్లో కోసి, మడతల బూర నమూనా కట్టాడు. సన్నటి గొంతులో మొదలైన దారి పెట్టె లోపలే మూడు మలుపులు తిరిగి పెద్ద నోరుగా బయటికి తెరుచుకుంటుంది. కరుణమ్మ ఆ అట్టల మధ్య కాలు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ, కోళ్లగూడా అని అడిగింది. ఈస్టరుకు చూద్దువుగాని అన్నాడు. ఆమెకు వినపడలేదు. మళ్లీ చెప్పలేదు ఆయన.

తార్నాకలో ప్లైవుడ్ దుకాణానికి పోతే అక్కడి గుమాస్తా ఎంకన్న నిగనిగలాడే పలక తీసి చూపించాడు. ఆనందరావు పైనున్న నిగారింపు వైపు కన్నెత్తి చూడలేదు. అంచు దగ్గర వంగి, పొరల మధ్య సందులు ఉన్నాయేమోనని ఫోను లైటు వేసి వెతికాడు. తర్వాత వేలి కణుపుతో జానెడుకొకచోట కొట్టుకుంటూ పోయాడు. లోపల డొల్ల ఉన్నచోట చప్పుడు మారుతుంది. అలాంటి పలకతో పెట్టె చేస్తే పాస్టరు మాటకు పెట్టె తన మాట కలుపుతుంది. ఒక పలక కాదన్నాడు, రెండోది కాదన్నాడు, తొమ్మిదోదీ కాదన్నాడు.

"సార్, పుచ్చకాయ కొంటున్నరా ఏంది? జర గా అల్మారలు చేసేటోళ్లను చూడుండ్రి, ఒక్కడన్న గిట్ల కొడ్తడా?" అన్నాడు ఎంకన్న.

అల్మారా మాట్లాడదు కదా అని, ఆనందరావు పదో పలక కొట్టాడు. పదకొండోది నచ్చింది. పొరలు దగ్గరగా, ఎర్రగా, బరువుగా ఉంది, ఎక్కడ కొట్టినా ఒకే చప్పుడు. మందం పద్దెనిమిది మిల్లీమీటర్లని రాసి ఉన్నా నమ్మక కొలిస్తే పదహారున్నరే వచ్చింది. కాగితం మీద కొలతలన్నీ అక్కడే, ఆటో ట్రాలీ పక్కన నిలబడి మళ్లీ వేసుకున్నాడు.

కోఠిలో స్పీకర్ల సామాను దొరికే గుజరాతీ గల్లీకి నాలుగుసార్లు తిరిగాడు. వాట్లు ఘనంగా అచ్చేసిన బరువైన స్పీకర్లు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. బూరకు కావలసింది బలం కాదు, చురుకు. తేలికైన కాగితపు కోను ఉన్నవి ఏరి, రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కుతూ లోపల ఎక్కడైనా గీరుకుంటుందేమోనని చెవి ఆనించి విన్నాడు. మాటలోని సన్నటి అక్షరాల కోసం డ్రైవర్లనే చిన్న స్పీకర్లు, వాటికి అల్యూమినియం బూరలు తీసుకున్నాడు. ఆ బూరల నోళ్లు వెడల్పు ఎక్కువ, ఎత్తు బాగా తక్కువ. మాట పక్కలకు పరుచుకుంటుంది, పైకీ కిందికీ పోదు. రేకుల కప్పుకు తగిలి మోగే బెడద ఉండదని ఆయన తెగ సంబరపడ్డాడు.

కోత పని క్యాంపస్ వర్క్‌షాపులో రిటైరైన వడ్రంగి లచ్చయ్యది. ఇద్దరూ పాతికేళ్ల స్నేహితులు. లచ్చయ్య చేతి పని నెమ్మది, నోటి మాట ఇంకా నెమ్మది. జిగురు పెట్టి క్లాంపులు బిగించి ఇంటికి పోతే, పొద్దున్నే ఆనందరావు వచ్చి క్లాంపులు విప్పి తట్టి చూశాడు. ఒక అతుకు విచ్చుకుంది.

"జిగురు ఆరాలె సార్," అన్నాడు లచ్చయ్య, కోపం లేకుండానే. "మీరు ఆగరు, అది ఆరదు. టీచరమ్మ కోసం చేస్తున్నరు, ఒక్క దినం గాడ కూసోని చూడుండ్రి."

ఆ ఒక్క మాటకు ఆనందరావు నొచ్చుకున్నాడు గానీ, కూర్చోలేదు. విచ్చుకున్న అతుకు మళ్లీ గీకి, మళ్లీ అంటించి, ఆ రోజంతా రైలు గేటు వైపు నడిచి వచ్చాడు. ఆగు ఆగు అంటూ ఇరవై రోజులు గడిచిపోయాయి, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నెత్తిమీదికి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం పెట్టెలు చర్చికి చేరాయి. పాస్టరుగారి బల్లకు చెరో పక్కన ఛాతీ ఎత్తు స్టాండ్ల మీద నిలబెట్టారు. లచ్చయ్యను మైకు ముందు నిలబెట్టి పేపరు చదవమంటే, క్రికెట్ వార్తలు గుడిలో మంత్రం చదివినంత భక్తిగా చదివాడు. ఆనందరావు కుర్చీ కుర్చీకీ మారుతూ విన్నాడు. ఆఖరి వరసలో కూడా ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పక్కన నిలబడి చెప్పినట్టు వినిపించింది. ఆడవాళ్ల వైపు చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అటు కూడా వదల్లేదు, ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి, కరుణమ్మ కూర్చునే చోటనే వేసుకుని విన్నాడు. అక్కడా బ్రహ్మాండంగా ఉంది. లచ్చయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో కూనిరాగం తీశాడని చెబితే వీధివాళ్లు నమ్మరు.

ఆదివారం మట్టలు పట్టుకుని పిల్లల ఊరేగింపు అయింది, పాటలు అయ్యాయి. దానియేలుగారు మాట మొదలుపెట్టగానే మగవాళ్ల వైపు తలలు ఒక్కసారి లేచాయి. వెనక వరస పెద్దాయన ఒకరు ఆనందరావు భుజం తట్టాడు. ఆనందరావు అది పట్టించుకోలేదు. ఆయన కళ్లు ఎడమవైపు మొదటి చాప మీదే ఉన్నాయి.

పాస్టరుగారు అధ్యాయం చెప్పారు. పేజీలు గలగలలాడాయి. కరుణమ్మ పక్కావిడ ఒళ్లోకి తొంగిచూసింది.

అలవాటు కొద్దీ చూసిందేమో అనుకున్నాడు. ఇంకో వాక్యం చెప్పారు. ఆమె మళ్లీ తొంగిచూసింది. ఒక తీగ ఊడిందా, ఎడమ పెట్టె మోగడం లేదా? మోగుతూనే ఉంది. మరి నిన్న ఆ చోటే కూర్చుని విన్నాడు కదా. లచ్చయ్య ఒక్క దినం కూర్చుని చూడమన్న మాట అప్పుడెందుకో చెవిలో పడింది.

లేచాడు. వాక్యం మధ్యలో, అందరూ చూస్తుండగా, బైబిలు చేతపట్టుకుని నడవ దాటి ఎడమవైపుకు వెళ్లాడు. ఆ హాల్లో మగవాళ్లు అటు వెళ్లరు. ముప్పై ఏళ్లలో ఆరాధన జరుగుతుండగా ఆయనా వెళ్లలేదు. పక్కావిడ కంగారుగా జరిగింది. ఆనందరావు మోకాళ్లు పట్టుకుని, చాప మీద, భార్య పక్కన కూలబడ్డాడు.

అక్కడ మాట తెలియడం లేదు. దూరంగా బిందెలో మాట్లాడినట్టు ఏదో గొణుగుడు వస్తోంది. మాటంతా తలపై నుంచి, కుర్చీ ఎత్తులో, నేరుగా వెనక్కి పోతోంది. నిన్న తను విన్నది కుర్చీలోంచి. ఆమె కూర్చునేది నేల మీద, అదీ పెట్టె కిందే. వినపడాలని ముందుకు జరిగి జరిగి, ఎక్కడికి జరిగితే అసలేమీ వినపడదో సరిగ్గా అక్కడికి చేరింది. నెల రోజులుగా పలకలు కొట్టి చూసిన మనిషికి ఈ చాప మీద ఒక్కసారి కూర్చుని చూద్దామని తోచలేదు. ఆయనకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

పాస్టరుగారు ఆగిపోయి చూస్తున్నారు. ఆనందరావు లేచి, ఒక్క నిమిషం అయ్యగారూ అని చేతులు జోడించి, ఎడమ పెట్టె వెనక అంచు పైకెత్తి, దాని కిందికి దొరికిన కీర్తనల పుస్తకాలు నాలుగు తోశాడు. బూర నోరు చాపల వైపు వంగింది. పెట్టె జారకుండా ఒక తాడు చుట్టి స్టాండుకు కట్టి, మళ్లీ వచ్చి చాప మీద కూర్చున్నాడు.

దానియేలుగారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు వినగానే కరుణమ్మ తల గభాలున పైకి లేచింది. రెండు మాటలు విన్నది, మూడు మాటలు విన్నది. పైట చెంగుతో ఒకసారి కళ్లు ఒత్తుకుని, ఆయన వైపు చూడకుండానే మెల్లగా అంది.

"ఇన్నేళ్లకి ఇటేపు వచ్చి కూర్చున్నారు."

ఆయన మోకాళ్లు సలుపుతున్నా లేవలేదు, కాలు కూడా ఆడించలేదు. పాస్టరుగారు ఇంకో అధ్యాయం చెప్పారు. కరుణమ్మ వేళ్లు చకచకా పేజీలు తిప్పి ఒకచోట ఆగాయి. అధ్యాయం ఏదో వినిపించుకోని ఆనందరావు, ఆమె ఒళ్లోకి తొంగిచూసి, తన పేజీ తిప్పుకున్నాడు.