తలుపు దగ్గర నిలబడని లియా మేడం

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా వంటింటి కిటికీ పక్కింటి వంటింటికి ఎదురుగా ఉంటుంది. నిన్న ఉదయం అక్కడి నుంచి తడిపిన అటుకుల్లో పచ్చికొబ్బరి, బెల్లం, యాలకుల పొడి కలుపుతున్న వాసన వచ్చింది. గరిటె పక్కన పెట్టి అలాగే నిలబడిపోయాను. అది లియా మేడం వాసన. బొంబాయి యూదుల ఇళ్ళలో మొక్కు తీరినప్పుడు ఆ అటుకులు కలిపి, ప్రార్థన చేసి పంచుకుంటారట. మేడం మొక్కు తీరేదాకా ఆగే మనిషి కాదు. "దేవుడు ఇచ్చినప్పుడే తిందామంటే ఎండిపోతాం బేటా," అంటూ ఆఫీసులోనే స్టీలు డబ్బా మూత తీసేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

అల్ కూజ్‌లో గోదాముల మధ్య ఆవిడకి రెండు గదుల స్టూడియో ఉండేది. సినిమాలకి డబ్బింగ్ చెప్పించడం, సబ్‌టైటిల్స్ వేయడం పని. కరోనా కాలంలో నా ఉద్యోగం పోయాక, 2020 చివర్లో అక్కడ చేరాను. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, నూలు చీర, కాళ్ళకి పరుగుపందెం బూట్లు. ఇరవై ఏళ్ళుగా దుబాయ్‌లో ఉన్నా తాను యూదురాలినని ఎవరికీ చెప్పలేదు. అడిగితే "బొంబాయి" అని ఊరుకునేవారు. ఆ ఏడాది ఈ దేశానికీ ఇజ్రాయెల్‌కీ రాకపోకలు మొదలయ్యాయి, హోటళ్ళలో యూదుల ప్రార్థనలు బాహాటంగా జరగసాగాయి. ఒకరోజు నేను వచ్చేసరికి మేడం బల్ల మీద యూదుల ఏడు కొమ్మల ఇత్తడి దీపం ఉంది. నేను చూస్తుంటే, "సొరుగులో నల్లబడిపోతోంది. దానికీ గాలి కావాలిగా," అన్నారు.

మరుసటి సంవత్సరం ఒక సంస్థ మాకు అయిదు పాత విదేశీ సినిమాలు పంపింది. అయిదింటిలోనూ కథ ఒక్కటే. తండ్రి యూదుల ప్రార్థనామందిరంలో పాటతో ప్రార్థన నడిపించే హజ్జాన్. తరతరాలుగా ఆ కుటుంబానిది అదే వృత్తి. కొడుక్కి మంచి గొంతు ఉంటుంది, కానీ వాడు నాటకాల స్టేజీ మీదికో కేఫ్ బ్యాండులోకో పారిపోతాడు. తండ్రి తలుపు మూసేస్తాడు. చివర్లో పండుగ పూట కొడుకు తిరిగొచ్చి తండ్రి స్థానంలో నిలబడి పాడతాడు, అందరూ ఏడుస్తారు. నాకూ కళ్ళు చెమర్చాయి. మేడం మాత్రం బొమ్మ ఆపి, పెన్నుతో తెర మీద ఒక మూల చూపించారు.

"ఆ తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోందే, ఎవరది?"

"అతని చెల్లెలు మేడం."

"పేరేంటి?"

సంభాషణల కాగితం తిరగేశాను. ప్రతిచోటా 'చెల్లెలు' అనే ఉంది.

"అయిదు సినిమాల్లోనూ ఉంది చూడు. అదే ఇంట్లో పుట్టింది, అవే పాటలు వింటూ పెరిగింది. దాని గొంతు ఎలా ఉంటుందో ఒక్కడు అడిగాడా?" ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆ చెల్లెల్ని నేనే సుధా."

ఆ మధ్యాహ్నం పని పక్కన పెట్టి తన కథ చెప్పారు. ఆవిడ తండ్రి బొంబాయి రేవు దగ్గర ఒక చిన్న మందిరంలో హజ్జాన్. పైఅంతస్తులో ఆడవాళ్ళ వరసలో కూర్చుని, విని వినీ ఈవిడకి అన్ని బాణీలూ వచ్చేశాయి. ఆడపిల్ల మగవాళ్ళ ముందు పాడకూడదని తండ్రి పట్టుదల. పంతొమ్మిదో ఏట చెప్పకుండా సినిమాల్లో కోరస్ పాడడానికి వెళ్ళారు. ఎన్నో పాటల్లో 'ఆ... ఆ...' అన్న గుంపులో ఆవిడ గొంతుంది, పేరు ఎక్కడా లేదు. కొన్నేళ్ళకి తండ్రి గొంతు పడిపోయింది. బాణీలు నేర్పడానికి మగపిల్లల కోసం వెతికితే ఎవరూ రాలేదు. అప్పుడు ఈవిడ వెళ్ళి, "నాకు వచ్చు నాన్నా, నేను పాడతాను," అన్నారట.

"ఆయన ఏమన్నారు మేడం?"

"నీ గొంతు సినిమా ఎంగిలి అన్నాడు." పెన్నుకి మూత పెట్టి, "ఆయన అలాగే పోయాడు. ఏ పండగా ఆయన మనసు మార్చలేదు. సినిమాలో అయితే మార్చేవాళ్ళు," అన్నారు.

ఒక శుక్రవారం సాయంత్రం, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయంటే, హోటల్లో జరిగే ప్రార్థనకి ఆవిడని నా కారులో తీసుకెళ్ళాను. నన్నూ లోపలికి రమ్మన్నారు. తెర ఇవతల ఆడవాళ్ళం, అవతల మగవాళ్ళు. అవతల ఒకాయన ప్రార్థన ఎత్తుకోగానే మేడం గొంతు కలిపారు. అయితే మాటలు అవే గాని బాణీ వేరు. ఆడవాళ్ళు తిరిగి చూశారు. కాసేపటికి ఒక పెద్దాయన తెర పక్కకి వచ్చి, "మేడం, కొంచెం నెమ్మదిగా. మగవాళ్ళకి వినబడుతోంది," అన్నాడు మర్యాదగానే.

"వినబడాలనే పాడుతున్నాను," అన్నారు మేడం. "ఇది మా నాన్న బాణీ. ఈ భూమ్మీద దీన్ని పాడేదాన్ని నేనొక్కదాన్నే. నేను ఆపితే ఖలాస్."

ఆయన తెర సర్ది వెనక్కి వెళ్ళాడు. ఆవిడ చివరి మాటదాకా పాడి, పుస్తకం మూసి, అప్పుడు కూర్చున్నారు.

ఇదంతా నాకెందుకు అంతగా తగిలిందో చెప్పాలి. మాది కాకినాడ. నాన్న షార్జాలో డ్రాఫ్ట్స్‌మన్. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడి తెలుగువాళ్ళ శనివారం భజన నడిపిస్తున్నారు. హార్మోనియం ఆయనది, ఎవరు ఎప్పుడు పాడాలో వంతులు చదివేదీ ఆయనే. నేను ఆ భజనలోనే పాట నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక సంగీత దర్శకుడు నా గొంతు విని, సినిమాలో ఒక క్లబ్బు పాట పాడమన్నాడు. ఇక్కడి స్టూడియోలోనే పాడి పంపితే చాలన్నాడు. నాన్న పాట కాగితం చదివి నా చేతికిచ్చేశారు. "పాడుకో. నిన్నాపను. కానీ ఈ మాటలన్న నోటితో రాముడి దగ్గర కూర్చోకు," అన్నారు. రికార్డింగు శ్రీరామనవమి నాడే పడింది.

"మానేస్తాను మేడం," అన్నాను వెళ్ళి, నాన్న మాటలు చెప్పి.

"నిన్ను పాడొద్దని ఎవరన్నారు? ఆయన భజనకే కదా రావద్దన్నది. పాట మానెయ్యడమన్న ఈ రెండో శిక్ష నీకు నువ్వే విధించుకుంటున్నావు." కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఆ సినిమాలన్నీ చెప్పే అబద్ధం అదే బేటా. ఒకటి వదిలితే గాని రెండోది దక్కదని. నువ్వు రెండూ పట్టుకో. వదిలించాలనుంటే వాళ్ళనే నీ చేతులు విప్పమను."

నవమి నాడు మధ్యాహ్నం మేడమే రికార్డింగు బల్ల దగ్గర కూర్చుని పాట తీశారు. సిగ్గుపడుతూ పాడితే ఒప్పుకోలేదు. నాలుగోసారికి, "యల్లా, పద, అయింది. ఇక చీర మార్చుకుని భజనకి వెళ్ళు," అన్నారు.

ఆ సాయంత్రం నవమి భజన నాన్న స్నేహితుడి విల్లాలో. నన్ను చూసి నాన్న తల దించుకున్నారు. వంతులన్నీ చదివారు, నా పేరు చదవలేదు. చివర మా తాతమ్మ నాటి హారతి పాట ఉంటుంది. నాన్న దాన్ని వేరే ఆవిడకి ఇవ్వబోతుండగా నేను ఎత్తుకున్నాను. హార్మోనియం ఆగిపోయింది. రెండు చరణాలు శ్రుతి లేకుండానే పాడాను. ఎక్కడినుంచో చిడతలు మొదలయ్యాయి. చూస్తే అమ్మ. తర్వాత వెనక వరసలో ఆడవాళ్ళు పల్లవి అందుకున్నారు. నాన్న మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ, "రెండో చరణం కాస్త తొందరపడ్డావే," అంది.

"శ్రుతి లేకుండా పాడితే అంతే," అన్నారు నాన్న కిటికీలోంచి చూస్తూ.

"అయితే శ్రుతి వెయ్యాల్సింది నాన్నా," అన్నాను. ఆయన కిటికీ అద్దం దించారు. ఆ సినిమా పాట వచ్చింది, జనం విన్నారు. దాని మాట ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

రెండేళ్ళ తర్వాత మేడం స్టూడియో మూసేసి, బొంబాయి పక్కన ఠాణే ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వారం రోజులు వాళ్ళ నాన్న బాణీలన్నీ పాడారు, నేను రికార్డు చేశాను. ప్రతి బాణీకీ ముందు తండ్రి పేరు, ఆ వెంటనే తన పేరు చెప్పారు. వాటిని హోటల్లో ఆ ప్రార్థన నడిపేవాళ్ళకి పంపితే, ఆడగొంతు కనుక వాడలేమని వినయంగా జవాబు వచ్చింది. మేడం చదివి నవ్వారు. "మంచిది. ఇంటర్నెట్‌లో పెట్టెయ్. ఎవడికి కావాలో వాడు వింటాడు," అన్నారు. పెట్టేశాను. ఆవిడ పోయిన కబురు వాళ్ళ అక్క ఫోన్ చేసి చెప్పింది. చివరిదాకా పొద్దున్నే పాడుతూనే ఉందని, పక్కింటివాళ్ళు విసుక్కునేవారని కూడా చెప్పింది.

ఆవిడ నాకు ధైర్యం నేర్పిందని అంటుంటారు మావాళ్ళు. అది నిజం కాదు. ధైర్యం ఆవిడకీ అంతగా లేదు. ఆ శుక్రవారం తెర వెనక ఆవిడ పక్కనే ఉన్నాను. గొంతు నిలకడగానే ఉంది గాని, పుస్తకం పట్టుకున్న చెయ్యి గజగజ వణికిపోయింది. వణుకుతూ కూడా పాడొచ్చని నేను చూసింది అప్పుడే. నాన్న ఇప్పటికీ భజనలో నా పేరు చదవరు. ఆయన వంతుల కాగితం మడిచి జేబులో పెట్టుకోగానే, ఎవరూ పిలవకపోయినా నేను ఎత్తుకుంటాను. నా చేతులు ఇంకా వణుకుతూనే ఉంటాయి.