చింతపండు గది

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు లా చదువుతోంది. వాళ్ల కాలేజీలో విద్యార్థుల ఆరోగ్యం, మనసు బాగోగులు చూడడానికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉందట. మెత్తని సోఫాలు, గోడలకు లేత రంగులు, మాట వినడానికి అందుకోసమే చదువుకున్న మనిషి, ఫోనులోనే వేళ ఖాయం చేసుకునే వీలు. పరీక్షల ముందు నిద్ర పట్టక తానూ ఒకసారి వెళ్లిందట కాని, ఎదురుగా కూర్చున్నావిడ ప్రేమగా చెప్పమ్మా అనగానే అంతా బాగానే ఉందని చెప్పి లేచి వచ్చేసిందట. నేను అప్పుడు వంటింట్లో పులుసు కోసం గింజ తీసిన చింతపండు పొట్లం కత్తిరిస్తున్నాను. కత్తెర చేతిలో అలాగే ఉండిపోయింది, మనసు మాత్రం ఎనభైలనాటి బొంబాయిలో, వరసగా ఒంటిగది కాపురాలుండే మా కామాటిపురా చాల్‌కు వెళ్లిపోయింది.

మా తాతలు పాలమూరు వైపు నుంచి వచ్చి బొంబాయి మేడలకు రాళ్లు మోసినవాళ్లు. మా నాన్న ఒక ఆఫీసులో ప్యూను. చాల్‌లో మాది రెండో అంతస్తులో ఒకే ఒక గది, దాని ముందు అందరికీ కలిపి ఒక పొడుగాటి గ్యాలరీ. ఆ గ్యాలరీ చివర దీపం కింద కూర్చుని చదువుకుని, డైరీ రాసుకుని, ఎలాగో లా కాలేజీ దాకా వెళ్లాను. వెళ్లానే గాని నోరు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లేదాన్ని. ఎవరైనా ఎక్కడుంటావని అడిగితే నాగ్‌పాడా అనేదాన్ని. కామాటిపురా అంటే వినేవాళ్లకు అక్కడి సానివాడలే గుర్తొస్తాయని నాకు తెలుసు కదా, నాగ్‌పాడా పక్కనే కాబట్టి అది పూర్తిగా అబద్ధమూ కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

మాకు పాఠం చెప్పే ఒక మేడం, పరీక్షల రోజుల్లో పిల్లలు తిండీ నిద్రా మాని కళ్లు తిరిగి పడిపోవడం చూసి, ప్రిన్సిపాల్‌గారిని బతిమాలి లైబ్రరీ మెట్ల పక్కన ఒక చిన్న గది సంపాదించింది. అందులో ఒక మంచం, ఒక తెర, గ్లూకోజు డబ్బా, తలనొప్పి మాత్రలు పెట్టి, బయట ఆరోగ్య కేంద్రమని బోర్డు కట్టించింది. మధ్యాహ్నాలు అక్కడ కూర్చోవడానికి నన్ను పిలిచింది. నాకేమి తెలుసని అంటే, నువ్వు మాట్లాడవు కదమ్మా, అది చాలు అంది.

కాని ఎవరూ రాలేదు. ఆ మెట్ల మీద కాలేజీ అంతా ఎక్కి దిగుతూ ఉంటుంది. రేపు కోర్టులో గర్జించవలసినవాళ్లు ఆ బోర్డు కిందుగా నడిచి లోపలికి ఎలా వస్తారు? నేను ఒక్కదాన్నే కూర్చుని నవలలు చదువుకునేదాన్ని. పరీక్షల లోపు ఎవరూ రాకపోతే గదిలో పాత ఫైళ్లు పెట్టిస్తానని ప్రిన్సిపాల్‌గారు అన్నారట. ఆ మాట చెప్పినప్పుడు మేడం ముఖం చూడలేకపోయాను.

అవి చింతపండు రోజులు. ఏటా ఎండాకాలం మొదట్లో ఊరి నుంచి బస్తాలు దిగేవి. చాల్ ఆడవాళ్లంతా గ్యాలరీలో వరసగా కూర్చుని పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజలు తీసి, ఏడాదికి సరిపడా జాడీలకెత్తేవాళ్లు. కొత్తకోడళ్ల కష్టాలు, మొగుళ్ల తాగుడు, కడుపులో దాచుకున్న రోగాలు అన్నీ ఆ పని మధ్యే బయటికి వచ్చేవి. ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. కళ్లు చేతుల మీద ఉండేవి, మాట దానంతట అదే దొర్లేది.

నేను కాలేజీలో మధ్యాహ్నమంతా ఖాళీగా కూర్చుంటున్నానని తెలిసి మా అమ్మ ఊరుకుంటుందా, ఒక మూట కట్టి చేతికిచ్చింది.

"ఉత్తగ కూసొని ఏం జేస్తవు? జర ఇవి ఒల్సుకరా. చేతికి పనుంటే నోటికి భయముండదు బిడ్డా."

అమ్మకు ఎదురుచెప్పే ధైర్యమూ నాకు లేదు. మంచం పక్కన నేల మీద పాత పేపరు పరిచి, తెర చాటున దొంగలా ఒలవడం మొదలుపెట్టాను. ఆ రోజే హాస్టల్ నుంచి ఒక కొంకణం అమ్మాయి తలనొప్పి మాత్ర కోసం భయంభయంగా వచ్చింది. చింతపండు చూడగానే మాత్ర సంగతి మరిచిపోయి, మా ఇంట్లో పులుపుకు వేసే కోకం పండ్లూ ఇలాగే ఒలుస్తాం అంటూ చతికిలబడింది. నాలుగు గింజలు తీసిందో లేదో, చదువు మానేసి ఊరికి వెళ్లిపోదామనుకుంటున్నానని తలెత్తకుండానే చెప్పింది. నేను ఊఁ అన్నాను. మర్నాడు ఆమె మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.

తలనొప్పి అని రావడానికి సిగ్గుపడినవాళ్లు చింతపండుకని రావడానికి సిగ్గుపడలేదు. వాదనల పోటీల్లో ఎప్పుడూ గెలిచే మా సీనియర్ ఒకాయన, అందరూ పులి అని పిలిచే మనిషి, పోటీకి ముందు ప్రతిసారీ వాంతి చేసుకుంటానని ఈనె లాగుతూ చెప్పాడు. తిండి తినక పడిపోయేవాళ్లకు అమ్మ పంపిన జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టేదాన్ని. మరీ బాగాలేని వాళ్లను మేడం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. అంతటి డైరీ పిచ్చి ఉన్నదాన్ని, అక్కడ విన్న ఒక్క మాటా రాసుకోలేదు.

ఇంట్లో మాత్రం ఒలిచిన చింతపండు చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. చాల్ అంతా మూటలు పంపడం మొదలుపెట్టారు. పక్కింటి అవ్వ నోరు ఊరుకోదు.

"ఏమే, నీ బిడ్డ వకీలుకు సదువుతుందా, కాలేజిల చింతపండు దుకాన్ పెట్టిందా?"

"వకీళ్లు ఒల్సిన చింతపండు అత్తా. పులుసు గూడ కాయదా కానూను ప్రకారమే మసుల్తది," అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం మేడంతో కలిసి ప్రిన్సిపాల్‌గారు వచ్చారు, వెనక లైబ్రరీ బంట్రోతు గది కొలవడానికి టేపు పట్టుకుని. పేపర్ల చుట్టూ గుంపుగా కూర్చున్న మమ్మల్ని చూసి ఆయన నిలబడిపోయారు. ఇది ఆరోగ్య కేంద్రం కదా, వీళ్లలో రోగులెవరు అని అడిగారు. మాటే వృత్తిగా బతకబోయేవాళ్లంతా ఒక్కసారిగా మూగవాళ్లయ్యారు. నోరు తెరిస్తే తానెందుకు వచ్చాడో చెప్పుకోవాలి. పులి తల దించుకున్నాడు. కొంకణం అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ గది పోతే ఆమె ఊరికి వెళ్లిపోతుందని నాకు తెలుసు.

నా చేతిలో సగం ఒలిచిన కాయ ఉంది. చెయ్యి ఆపలేదు. ఎలా వచ్చిందో తెలియదు, నా గొంతు నాకే వినిపించింది.

"సార్, ఇక్కడికి ఎవరు ఏ బాధతో వచ్చారో నేను చెప్పకూడదు. వచ్చారో లేదో మాత్రం వాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది."

ఆయన చూశారు. అన్ని వేళ్లూ జిగటగా, గోధుమరంగులో ఉన్నాయి. మేడం నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఈ చింతపండు ఎక్కడిది అని ప్రిన్సిపాల్‌గారు అడిగారు.

"కామాటిపురాది సార్. మా చాల్‌ది."

ఆ పేరు కాలేజీలో నా నోట రావడం అదే మొదటిసారి. కొంకణం అమ్మాయి ఒక కాయ తీసి ఆయనకు అందించింది. ఆయన నిలబడే పెంకు విరిచి నోట్లో వేసుకుని, పులుపుకు ఒక కన్ను మూసుకుని, పాత ఫైళ్లకు ఇంకెక్కడైనా చోటు చూడమని బంట్రోతుకు చెప్పి వెళ్లిపోయారు. మా పులి అప్పటినుంచి పోటీకి వెళ్లేటప్పుడల్లా రెండు చింతగింజలు జేబులో వేసుకునేవాడు. కొంకణం అమ్మాయి చదువు పూర్తి చేసింది.

ఇప్పుడా చాల్ లేదు. దాని చోట లేచిన మేడలో ఎవరి తలుపు వారిది, గ్యాలరీ అన్నదే లేదు. చింతపండు గింజ తీసి, కడిగి, పొట్లంలో వస్తోంది. సుఖంగానే ఉంది, కాదనను.

మనవరాలిని నేనేమీ అడగలేదు. ఇంట్లో ఒలవడానికి చింతపండు లేదు కాబట్టి చిక్కుడుకాయల సంచీ తెచ్చి మా ఇద్దరి మధ్యా బోర్లించాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి ఒక కాయకు నార లాగింది, ఇంకొకటి తీసుకుంది. కాసేపటికి తల వంచుకునే, చిన్నమ్మమ్మా, అంటూ మొదలుపెట్టింది.

కాని కాయలు ఒక పూట కూరకు సరిపడా ఉన్నాయంతే. ఆమె మాట సగంలో ఉండగానే అయిపోయాయి. బస్తాలు దిగే ఆ రోజుల్లో, ఎవరి మాట ఎంత పొడుగైనా, అది పూర్తయ్యేదాకా ఒలవవలసింది ఇంకా మిగిలే ఉండేది.