సుండల్ లేని గ్రామర్ క్లాసు

ఆ రోజుల్లో నాకు పెరుమాళ్ళ మీద ఎంత భక్తి ఉండేదో ఇంగ్లీషు గ్రామర్ మీదా అంత భక్తే ఉండేది. రెండూ ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నందువల్ల పట్టుకున్న పిచ్చి అది. చుట్టూ తమిళమే వినిపించే ఉప్పళంలో, మా ఇంటి ముందుగదిలో తాత శనివారం శనివారం భజన గోష్ఠి నడిపేవాడు. మా వీధి తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకని తాత ఒక పంక్తి పాడితే గోష్ఠి అంతా అదే పంక్తిని తిరిగి పాడేది. పాట మధ్యలో తాత దగ్గితే పాత భక్తులు ఒకరిద్దరు దగ్గేవాళ్ళు కూడా. (నవ్వకండి, చెవులారా విన్నాను.) చివర మంగళం పాడగానే అందరూ లేచి వరసగా నిలబడి దోసిళ్ళు పట్టేవాళ్ళు. అవ్వ వేడివేడిగా సుండల్, అంటే శనగ గుగ్గిళ్ళు, పోసేది. ఆ సుండల్ కోసమే పెరుమాళ్ళు మా ఇంటికి వస్తున్నాడని నాకు గట్టి నమ్మకం.

డిగ్రీ అయిపోయాక అదే గదిలో మా వీధి పిల్లలకు సాయంత్రం ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. నాకు చదువు చెప్పే పద్ధతి ఒక్కటే తెలుసు, తాత పద్ధతి. శ్లోకం చెప్పేటప్పుడు ఆయన దాన్ని పదం పదంగా విడగొట్టి, "కర్త యాడుండాడో వెతుకు పాపా. ఆయన దొరికితే తక్కినోళ్ళంతా వాళ్ళే వచ్చి కూసుంటారు" అనేవాడు. నేనూ అంతే. నౌన్ అంటే నామం, దేవుడి నామంతో మొదలు. వెర్బ్ అంటే ఆయన చేసిన లీల. అడ్జెక్టివ్ అంటే ఆయన గుణం. ప్రొనౌన్‌కు మా అవ్వే ఉదాహరణ, జన్మలో తాత పేరు పలకకుండా "ఆయన, ఆయన" అంటూ కాపురం చేసింది కదా! ఇంటర్జెక్షన్ అడిగితే పిల్లలు ఇల్లెగిరిపోయేలా "గోవిందా!" అనేవాళ్ళు. ఫ్రేజ్ అంటే అందరూ వచ్చి కూర్చున్నా పాట ఎత్తుకునేవాడు రాని గోష్ఠి. వాడొచ్చి గొంతెత్తితే అది క్లాజ్. నేను పాడతాను, పిల్లలు తిరిగి పాడతారు. పక్కింటి పిల్ల పాటకు తాళాలు వాయించేది కాబట్టి దాన్ని తాళాల పాప అనేవాళ్ళం. చివర మంగళం, సుండల్. ఒక్క సబార్డినేట్ క్లాజే నాకు లొంగలేదు. అందులో కర్త ఉంటాడు, క్రియ ఉంటుంది, అయినా అది వాక్యం కాదట! ఎందుకు కాదో పుస్తకంలో ఉన్నది వల్లించేదాన్నే గానీ నా మనసుకు ఎక్కేది కాదు.

ఇంతలో మా వీధి చివరి బడిలో ఇంగ్లీషు టీచర్ కావాలని తెలిసింది. నాయన కరెంటాఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పేశాడు. "దొరికితే సరి. దొరక్కపోతే వచ్చే నెల నుంచి బాబాయి పెయింట్ల కొట్లో కూసో. ఇంట్లో కూసోని గోవిందా గోవిందా అంటా ఉంటే కుదరదు." బాబాయి మంచివాడే. కానీ జీవితమంతా రంగుల డబ్బాల మధ్య కూర్చుంటే నా నౌన్లూ వెర్బులూ ఏమైపోవాలి? ఆ వారమంతా పెరుమాళ్ళను ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఏడో తరగతికి పాఠం చెప్పి చూపించమన్నారు. అవ్వ చీర కట్టుకుని క్లాసులో అడుగుపెట్టి చూద్దును కదా, ముందు బెంచీల నిండా నా ట్యూషన్ పిల్లలే! మధ్యలో తాళాల పాప. నా సైన్యాన్ని స్వామి ముందే పంపాడని ఒళ్ళంతా పులకరించింది. వెనక బెంచీలో పెద్ద మేడం కూర్చుని ఉంది. బడిలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట ఆవిడ నోట రాదని పేరు. "క్లాజెస్ చెప్పు" అని ఇంగ్లీషులోనే ఆజ్ఞ ఇచ్చింది. ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఉండగా, పోయి పోయి అదే!

"గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అన్నాను. "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్!" అంది తరగతి, రాగంతో సహా. పెద్ద మేడం కళ్ళజోడు సర్దుకుంది. "వాట్ ఈజ్ ఎ క్లాజ్?" అన్నాను. "వాట్ ఈజ్ ఎ క్లాజ్?" అన్నారు. తాళాల పాప జామెట్రీ బాక్సు మీద రెండు దెబ్బలు వేసింది. నా ట్యూషన్ మొహం చూడని పిల్లలు కూడా ఇదేదో బాగుందని అందుకున్నారు. "నో, నో, ఆన్సర్ మీ!" అంటే "నో, నో, ఆన్సర్ మీ!" "స్టాప్!" అంటే "స్టాప్!" నేను కంగారుగా దగ్గాను. (ఏం జరిగి ఉంటుందో మీకు తెలుసు.)

పెద్ద మేడం లేచి నిలబడింది. నా కళ్ళ ముందు పెయింట్ల డబ్బాలు తిరిగాయి. గోష్ఠిని ఆపే మార్గం నాకు తెలిసినది ఒక్కటే. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, మంగళం ఎత్తుకున్నాను.

ఆపడానికి ఆపారు. కానీ ముందు బెంచీలన్నీ ఒక్కసారి లేచి, వరసగా వచ్చి నా ముందు నిలబడి దోసిళ్ళు పట్టాయి. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ పట్టారు. ఏం గొడవో చూద్దామని పెద్ద మేడం ముందుకు వస్తే, తాళాల పాప ఎంతో మర్యాదగా ఆవిడను పక్కకు జరిపింది. "లైన్లో రండి మేడం, అందరికీ పెడతారు" అని చెప్పి, నా వైపు తిరిగి, "అక్కా, సుండల్ యాడ?" అంది.

సుండల్ లేదు. బోర్డు ముందు నిలబడ్డాను గానీ నా కాలు మొసలి పట్టుకున్నట్టే ఉంది. ఆ ఊహ రాగానే తాత చెప్పే ఏనుగు కథ గుర్తొచ్చి, నాకు తెలియకుండానే ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "వెన్ ద క్రోకడైల్ కాట్ ద ఎలిఫెంట్స్ లెగ్..." అంతవరకే వచ్చింది. లోపల మాత్రం గోవిందా అనుకున్నాను.

ఈసారి ఎవరూ తిరిగి పలకలేదు. దోసిళ్ళు అలాగే పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నారు. అప్పుడు వరస మధ్య నుంచి పెద్ద మేడం గొంతు వినిపించింది, ఇంగ్లీషులో కాదు, అచ్చం మా ఇంటి తెలుగులో. "ఆమీద? ఆమీద ఏమాయె?"

నా ఒంట్లో మెరుపు పుట్టింది. "మేడం, అదే! అదే సబార్డినేట్ క్లాజ్!" అని అరిచాను. కర్త ఉంది, మొసలి. క్రియ ఉంది, పట్టుకుంది. అయినా వినేవాళ్ళు ఆమీద ఏమాయెనని అడగక తప్పలేదంటే అది ఇంకో క్లాజ్ చెయ్యి కోసం ఎదురుచూస్తోందన్నమాట! "ద లార్డ్ కేమ్ రన్నింగ్" అని బోర్డు మీద రాసి, "ఇప్పుడు ఆమీద అని అడగాలా?" అన్నాను. "అక్కర్లేదక్కా, సామి వచ్చేసినాడు కదా!" అన్నారు పిల్లలు, ఎవరి గొంతుతో వాళ్ళు. ఇన్నేళ్ళూ నాకు ఎక్కనిది ఆ క్షణంలో వాళ్ళతో పాటు నాకూ ఎక్కింది. స్వామి పెద్ద మేడం నోట పలికాడని ఈ రోజుకీ నా నమ్మకం.

ఆవిడ దోసిలి దించుకుని (అవును, పట్టే ఉంది) గంభీరంగా కళ్ళజోడు తుడుచుకుంది. "సోమవారం నుంచి రా. కానీ మంగళం సాయంత్రం బెల్ కొట్టినాకే పాడాల" అంది.

ఇంటికి నడిచానో ఎగిరానో తెలియదు. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఉప్పళం వీధిలో స్కూటర్ల మధ్య పరుగెత్తుకుంటూ వచ్చి గడపలో పడ్డాను. తాత ఆత్రంగా, "ఏంది పాపా, ఏమాయె?" అన్నాడు. "తాతా... మేడం... మొసలి... దోసిలి... సోమవారం... గోవిందా!" అన్నాను. కర్త లేదు, క్రియ లేదు. తాతకు అంతా అర్థమైంది. కళ్ళు తుడుచుకుంటూ అవ్వను కేకేశాడు.

అదే బడిలో ఇప్పుడు నేనే పెద్ద మేడాన్ని. నా వాక్యాలు ఎక్కడా తెగవు, క్లాజులన్నీ చెప్పినచోట కూర్చుంటాయి, కొత్త టీచర్లు నా ఇంగ్లీషును మెచ్చుకుంటారు. అప్పుడప్పుడు బడి వదిలాక ఆ వీధిలో నింపాదిగా నడిచి వస్తుంటే, కుచ్చిళ్ళు పట్టుకుని ఆ పిచ్చిపిల్ల నన్ను దాటుకుని పరుగెత్తిపోతున్నట్టు ఉంటుంది. ఒక్క వాక్యమూ సరిగ్గా చెప్పలేనంత సంతోషం దానిది. తప్పు దిద్దాలని నాకు ఏనాడూ అనిపించలేదు.