పసుపు రాసిన పడవ

భోగాపురం దగ్గరి సముద్రపు పల్లెలో పుట్టి, విజయనగరంలో ఇంజనీరింగు పాఠాలు చెప్పేదాకా వచ్చిన జగన్నాధానికి వస్తువులు విరగ్గొట్టడమే పని. గాజునూలు గుడ్డని పొరలు పొరలుగా పరిచి, మధ్యమధ్య జిగురు పోసి, అది ఎండి గట్టిపడ్డాక ఆ పలక మీద ఇనప గుండు జారవిడిచేవాడు. ఎంత దెబ్బకి పలక ఎక్కడ చీలుతుందో గుండు పడకముందే లెక్కగట్టి చెప్పాలని అతని పంతం. తోటి లెక్చరర్లు నవ్వేవారు. నవ్వనీ, వాళ్ళకి అంతకంటే పనేముంది?

అరవై ఏడులో అలాంటి పొరలతోనే అక్క మొగుడు నూకయ్యకి ఓ పడవ చేసిచ్చాడు. నూకయ్య అంతవరకూ తెప్ప మీద వేటకెళ్ళేవాడు. తెప్పంటే తాళ్ళతో కట్టిన దుంగలే. ఒడ్డుకొచ్చాక తాళ్ళు విప్పి దుంగల్ని ఎండబెడతారు కాబట్టి ఏ పగులున్నా కంటబడుతుంది. కొత్త పడవని విప్పడానికి లేదు, అదంతా ఒకటే ముక్క. దాన్ని చూసి పల్లె పల్లంతా ముక్కున వేలేసుకుంది. అక్క తవిటమ్మ గంగమ్మకి కోడిని కోసి, పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. పసుపు రాశాక ఆ పడవ అమ్మవారే. దాన్ని కాలితో తన్నకూడదు, ఇనుముతో ముట్టకూడదు.

మరుసటేడు ఓ కెరటం ఆ పడవని ఎత్తి రాతి మీద పడేసింది. కబురందగానే జగన్నాధం బస్సు దిగి నేరుగా ఒడ్డుకే పోయాడు. దెబ్బ తగిలినచోట గోటిగీతంత మరక తప్ప ఏమీ లేదు. అతనికి అనుమానం వచ్చింది అక్కడే. ఈ సరుకు గుణమే అంత. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల పొరకీ పొరకీ పొత్తు చెడి ఉంటుంది. సుత్తితో తడుతూ పోతే గట్టిచోట ఖంగుమంటుంది, పొరలు విడినచోట డొల్లగా పలుకుతుంది. అతను సంచిలోంచి చిన్న సుత్తి తీశాడు.

“ఒరే, ఏటి సేస్తన్నావురా!” తవిటమ్మ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. “పసుపు రాసిన పడవరా ఇది. అమ్మోరి మీద ఇనుమెత్తుతావేటి?”

“మెల్లగానే తడతానప్పా. లోపలెలాగున్నాదో తెలియాల.”

“నా మొగుడు దీని మీదే సంద్రంలోకెళ్ళాల. నానొప్పను.”

ఇంతలో పల్లె జనం పోగయ్యారు. చదువుకుని మనవాళ్ళని మరిచాడన్న మాట ఏ నోట వస్తుందోనని జగన్నాధం బెదిరాడు. నూకయ్య నవ్వి, “కొట్టడమెందుకు బావా? నీ లెక్కేటి సెప్తన్నాదో సెప్పు, సాలు” అన్నాడు.

జగన్నాధం ఇసకలో కూర్చుని లెక్క వేశాడు. తగిలిన దెబ్బ పలక ఓర్చుకునేంతలోనే ఉందని తేలింది. కాని ఆ లెక్క గదిలో ఒక్క దెబ్బ తిన్న కొత్త పలకది. ఏడాదిగా ఉప్పునీళ్ళలో నానుతూ, రోజూ ఒడ్డుకి గుద్దుకునే పడవది కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా, “ఏటీ అవదు బావా, ఎల్లు” అన్నాడు. పిరికితనానికి లెక్క తోడు దొరికితే మనిషికి ఇంక సిగ్గెక్కడుంటుంది? సుత్తి సంచిలో పడేసి, అక్క పెట్టిన చేపల పులుసు తిని విజయనగరం పోయాడు.

ఆ వారం తిరక్కుండానే నడిసముద్రంలో పడవ అడుగు విచ్చుకుంది. తోడెళ్ళినవాడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. నూకయ్య రాలేదు. కొట్టుకొచ్చిన ముక్కని జగన్నాధం పట్టుకుంటే ఉల్లిపొరల్లా చేతికి ఊడొచ్చింది.

పెద్దదినం అయ్యాక తవిటమ్మ తమ్ముణ్ణి గుమ్మంలో ఆపింది.

“నిజం సెప్పురా. ఆ రోజు నానడ్డం రాకపోతే, ఆ సుత్తితో తడితే తెలిసీదా?”

తెలిసేదని ఒక్కమాట అంటే, మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నానని ఆమె బతికినన్నాళ్ళూ కుళ్ళి ఏడుస్తుంది. తప్పు ఆమెది కాదు. తెలిసినవాడు తను, తెలిసి నోరు మూసుకున్నవాడూ తనే. ఆ మాట చెప్పే ధైర్యం అప్పుడూ లేకపోయింది.

“తెలిసీది కాదప్పా. తట్టినా ఏటీ తెలీదు.”

తవిటమ్మ అతని మొహంలోకి చూసింది.

“ఏటీ తెలీనోడివి, మరి నా మొగుణ్ణి ఎల్లమని ఎందుకన్నావురా?”

ఆమె తలుపేసుకుంది. మళ్ళీ ఎన్నడూ అతనికి తియ్యలేదు.