ఉప్పు తర్వాత అతికించిన కోడ్

మా వదిన మన్నూబియా ఇరవై ఏళ్ళు మా ఊరు నాబుల్‌లోని ఓ కుట్టుశాలలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. కళ్ళు మొరాయించాక పని మానేసి, ఏడాదికి సరిపడా తిండిసరుకులు ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పే బ్లాగు ఒకటి మొదలుపెట్టింది. గోధుమ రవ్వను తడిపి నలిచి కుస్‌కుస్ చేయడం, మిరపకాయలు ఎండబెట్టడం, నారింజపూల నీళ్ళు తీయడం, అన్నీ రాసేది. నేను ఆమెకు ఆడబిడ్డను. పైగా ఒకే ఇంట్లో ఉంటాం. దెప్పే హక్కు నాకు పుష్కలంగా ఉంది, దాన్ని ఏనాడూ వృథా పోనివ్వలేదు.

మా అన్న హమ్మాదికి ఆ కంప్యూటరు బల్ల మీద కన్ను. కిటికీ పక్కన చక్కగా ఎండ తగిలే చోటు, ఆయన పిట్టల పంజరాలకు అంతకన్నా మంచి జాగా లేదట.

"ఎవరు చదువుతున్నారే నీ రాతలు? గోడలా?" అన్నాడొకరోజు.

వదినకు రోషం పొడుచుకొచ్చింది. "లెక్కపెట్టి చూపిస్తా. చదివేవాళ్ళు లేరని తేలితే వేసవి ఆఖరుకి బ్లాగు మూసేస్తా. బల్ల నువ్వే తీసుకుని పిట్టలతో కాపురం చెయ్యి!"

అలా దిగింది మా ఇంట్లోకి ఆ కోడ్. దాన్ని బ్లాగులో పెడితే ఎంతమంది వచ్చారో, ఏ ఊరినుంచి వచ్చారో చెబుతుందట. వదిన దాన్ని తీసుకెళ్ళి కుస్‌కుస్ గురించిన రాతలో, సరిగ్గా ఉప్పు తర్వాత అతికించింది. లెక్క సున్నా. పేజీ తెరిచి చూస్తే కోడ్ మొత్తం అక్షరాలా బయటికే కనబడుతోంది.

"ఇదెంత వెయ్యాలి వదినా? చెంచాడా, గుప్పెడా?" అన్నాను.

"గుప్పెడు. నీ నోట్లో."

కుట్టు తప్పితే చొక్కా అంతా చింపే మనిషి కాదామె. ఒక్కో కుట్టే విప్పి చూస్తుంది. కోడ్‌ను అక్కణ్ణుంచి తీసి, చదివేవాళ్ళ కంటపడని పైభాగంలో పెట్టింది. అయినా సున్నాయే. మళ్ళీ వెతికితే, కాపీ చేసేటప్పుడు చివరి గుర్తు ఒకటి తెగిపోయిందని తేలింది. గుండీ ఊడిందన్నమాట అని గొణుక్కుంటూ దాన్నీ పెట్టింది.

సాయంత్రానికి అంకె యాభై దాటింది. వదిన ఇంటిల్లిపాదికీ మక్రూద్ మిఠాయి పంచింది. తెల్లారి చూస్తే ఆ యాభై సార్లూ వచ్చింది మా ఇంటినుంచే. ఎవరొచ్చారా అని మాటిమాటికీ పేజీ తెరిచి చూసుకుంది తనే! నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. మా కంప్యూటరును లెక్కలోంచి తీసేసింది.

అప్పుడు మిగిలింది వారానికి ఒకటి. గురువారం మధ్యాహ్నం మాత్రం ఎవరో ఒక్కరు, అదీ మా ఊరినుంచే.

ప్రతి గురువారం వదిన ఆ అంకె ముందు కాపలా కూర్చునేది. వేసవిలో వీధి ఆడవాళ్ళంతా పొరుగింటి షెద్లియా వాకిట్లో చేరి కుస్‌కుస్ నలిచేదీ ఆ వేళకే. ఈ ఏడు వదిన ఒక్కసారీ పోలేదు. షెద్లియాతో నాకు మిరపకాయల దగ్గర మాటామాటా వచ్చింది కనుక నేనూ పోలేదు.

వేసవి ఆఖరి గురువారం మా అన్న టేపు తెచ్చి బల్ల కొలిచాడు. వదిన ఆ అంకె ముందే కూర్చుని ఉంది. ఆ మొహం చూశాక మొదటిసారి నాకు దెప్పబుద్ధి కాలేదు.

"లే వదినా. షెద్లియా ఇంటికి పోదాం పద. దాని మొహం చూడ్డానికి నేనే సిద్ధపడ్డాను, ఇంకేం కావాలి?" అన్నాను.

గడప దగ్గరే షెద్లియా గొంతు వినిపించింది. "నీళ్ళు చిలకరించాలి, కుమ్మరించకూడదు. కుమ్మరిస్తే మా ఆడబిడ్డ చేసినట్టు ముద్దలు కడుతుంది."

లోపల ఒకటే నవ్వులు. వదిన అక్కడే ఆగిపోయింది. అవి ఆమె రాసిన మాటలే. ఆ ఆడబిడ్డను నేనే.

పెద్ద పళ్ళేల చుట్టూ వీధంతా ఉంది, అందరికీ మోచేతులదాకా గోధుమ రవ్వ. కూజాకు ఆనించిన ఫోను ఒక్కటే. షెద్లియా దాంట్లో చూసి చదువుతోంది.

"రా అక్కా, రా! అందరి చేతులూ రవ్వే, ఫోను ఎవరు ముట్టుకుంటారు? అందుకే నేనొక్కదాన్నే తెరిచి అందరికీ వినిపిస్తున్నా. ఆమధ్య ఉప్పు తర్వాత ఏవో వంకరటింకర గుర్తులు రాశావే, అవి కూడా చదివాను. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదనుకో. అవునూ, రాసేదానివి, నువ్వే రాకపోతే ఎలాగమ్మా? గురువారాలు ఏం చేస్తున్నావు?"

"మీకోసమే ఇంట్లో ఎదురుచూస్తున్నా," అంది వదిన. నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి పళ్ళెం ముందు కూర్చుంది.

సాయంత్రం మా అన్న తెరకేసి చూసి, "ఒకటి!" అన్నాడు సంబరంగా.

గోళ్ళలో రవ్వ కడుక్కుంటూ వదిన అంది: "అవును, ఆ ఒక్కటే ఇవాళ వాకిట్లో పట్టలేదు. నీ పిట్టలకు వేరే కిటికీ చూసుకో."

మర్నాడు ఆ లెక్కలో కొత్త మనిషి చేరింది. అది నేనే, నా ఫోనులోంచి. నా గురించి ఇంకా ఏమేం రాసిందో చూడాలిగా మరి!