సీలు వేసిన గడ్డి సంచి

మా వదిన ఎవరినీ నమ్మదు. పాలవాణ్ణి నమ్మదు, గోడ గడియారాన్ని నమ్మదు, తమ్ముడి పెళ్ళాన్నైన నన్ను అసలే నమ్మదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన అడిగిన ప్రశ్నలన్నీ కలిపినా ఈవిడ ఒక్క పూటలో అడిగేవాటికి సరిపోవు కాబట్టి, నా లెక్కన అర్ధం కాదు, ఒకటిన్నర.

ఉద్యోగం అలాంటిది మరి. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్ళుగా కొట్లన్నీ తిరిగి కాటాలు పరీక్షిస్తోంది. సరిగ్గా ఉన్నదానికి తీగ చుట్టి, సీసం బిళ్ళ పెట్టి, పట్టకారుతో నొక్కి సీలు వేస్తుంది. బిళ్ళ మీద ఆమె నంబరు పడుతుంది. ఆ సీలు తెంచినవాడికి కేసు తప్పదు.

అన్నయ్యగారు, అదే వదిన భర్త, పోయాక మా పై వాటాలోకి వచ్చింది, ఒక కుందేలును వెంటబెట్టుకుని. ఈ లోకంలో ఆమె అనుమానించని ప్రాణి అదొక్కటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, దీనికి మాత్రం నాలుగూ ఒప్పుకుంది.

మొన్న తనిఖీకి పొరుగూరు వెళ్ళి ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. వేరే దిక్కులేక తాళంచెవి నాకిచ్చింది. కుందేలు పూటంతా తినకపోతే పేగులు ఆగిపోతాయని, ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పిన మాట నాకు మూడుసార్లు అప్పజెప్పింది. తర్వాత నా కళ్ళెదుటే ఎండుగడ్డి సంచిని కాటాకు తగిలించి తూచింది. ఎందుకని అడిగితే, నువ్వు పెట్టావో లేదో నాకు తెలియాలిగా అంది. ఒళ్ళు మండి కిందికి వచ్చేశాను.

సాయంత్రం పైకి వెళ్ళి చూస్తే గూట్లో గడ్డి అయిపోయింది. తీద్దామని సంచి దగ్గరకు వెళ్తే మూతికి తీగ, తీగకు సీసం బిళ్ళ. సీలు.

ఇది నన్ను పట్టించడానికి పన్నిన వల అనుకున్నాను. తెంచితే ఆఫీసు సీలు తెంచిన దొంగనవుతాను. తెంచకపోతే కుందేలును మాడ్చి చంపిన పాపం నాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ చేశాను.

"సీలా? నేనెందుకు వేస్తాను? నా పట్టకారు ముట్టుకున్నావా?"

"అది మీ చేతిసంచిలో మీతోనే ఉంది కదా వదినా."

అవతల చేతిసంచి జిప్పు లాగిన చప్పుడైంది. తర్వాత, తాను వచ్చి చూసేదాకా దాన్ని తాకొద్దని పెట్టేసింది. మా ఆయనకు చెబితే, మా అక్క సంగతి తెలుసుగా అని పేపరు తిప్పాడు.

కత్తెర పట్టుకుని పెరటి గోడ పక్కకు వెళ్ళాను. వేళ్ళు కోసుకుపోయాయి కానీ రెండు గుప్పెళ్ళ పచ్చగడ్డి దొరికింది. కడిగి, తుడిచి పెడితే కుందేలు వాసన చూసి మొహం తిప్పుకుంది. దానికీ నామీద అనుమానమే. యజమానురాలి బుద్ధి ఎక్కడికి పోతుంది? గూటి పక్కనే కూలబడ్డాను. పోతే పోయిందని లేచి రాలేకపోయాను. ఆమెకు ఇంకెవరున్నారు? చాలాసేపటికి ఒక పరక నమిలింది, తర్వాత ఇంకొకటి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను. తెల్లవారాక మళ్ళీ కోసి పెట్టాను.

మధ్యాహ్నం దిగింది వదిన. కుందేలు గడ్డి నమలడం చూసింది. నా వైపు చూడలేదు. సంచి దగ్గర కూర్చుని భూతద్దం పెట్టి బిళ్ళ మీది నంబరు చదివింది. మళ్ళీ చదివింది. చేతిసంచిలోంచి పట్టకారు తీసి, కొత్త బిళ్ళను నొక్కి, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. తేడా లేదు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు నాలుక చివరనే ఉన్నాయి. అయితే ఆమె ఇంకోసారి భూతద్దం ఎత్తి అదే నంబరు చదువుతోంది. అది నటన కాదు. దెప్పడం మానేసి పక్కన కూర్చున్నాను.

"అలవాటు కదా వదినా, తూచాక సీలు వేయడం. పరధ్యానంలో చెయ్యి దాని పని అది చేసుకుపోయి ఉంటుంది."

తల అడ్డంగా ఊపింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇది మూడోసారి. పోయిన నెల ఒకే కాటాకు రెండుసార్లు సీలు వేశానట. వేసినట్టే గుర్తులేదు. తమ్ముడికి చెప్పకు. నీకు ఒక్కదానికే చెబుతున్నాను."

ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆమె నన్ను నమ్మి చెప్పిన మొదటి మాట అది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నదే, కానీ సంతోషం కలగలేదు. భయమేసింది.